శోకం గది

ఫిబ్రవరి 11, బుధవారం

ఈ రోజు ప్లాస్టరు తల ఒకటి పగలగొట్టాను. అది కింద పడి పగల్లేదు. కొయ్యసుత్తితో నేనే కొట్టాను, పిండి అయ్యేదాకా. ముక్కు కుదరలేదు, అంతే. ఈ పనికి ఓపిక కావాలని అందరూ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా మ్యూజియాలకు బొమ్మలూ గాజు పెట్టెలూ చేస్తున్నాను. ఓపిక లేకుండానే గడిచిపోయింది.

మే మూడున ప్రారంభం. గ్రీసు దక్షిణపు కొసన మా మానీలో ఉన్న ఈ పాత బురుజు మూడంతస్తులూ మ్యూజియం చెయ్యమని నా చేతికే ఇచ్చారు. కింద తుపాకుల గది. మధ్యలో రాళ్ళ గది. తలుపు దగ్గరికొచ్చిన శత్రువు నెత్తిన రాళ్ళు వెయ్యడానికి, మరిగే నూనె పొయ్యడానికి నేలలో వదిలిన కంత అక్కడే ఉంది. దానికి మందపాటి గాజు బిగిస్తున్నాను. చూడవచ్చినవాళ్ళు దాని మీద నిలబడి, కింద నిలబడ్డవాడి నడినెత్తిని చూడాలి. పై అంతస్తులో చీకటి గది. అందులో బొమ్మ ఉండదు, బోర్డు ఉండదు. ఒక ఆడమనిషి గొంతు మాత్రం వినిపిస్తుంది. చచ్చినవాడి మీద పడి శోకం పాడే గొంతు.

నిధులిచ్చే ఆఫీసు నుంచి మెల్పో ఫోన్ చేసింది.

“ఫాలియా గారూ, రక్తం కాస్త తగ్గించి సంప్రదాయం కాస్త పెంచుదామండీ.”

“మా మానీలో రెండూ ఒకటేనండీ.”

మగపిల్లాడు పుడితే ‘ఇంట్లో ఇంకో తుపాకీ పుట్టింది’ అనేవారని నేను రాసిన బోర్డు ఆవిడకు నచ్చలేదట. నేను మార్చను. నా అన్న పుట్టినప్పుడు మా నానమ్మ నిజంగానే ఆ మాట అంది.

ఫిబ్రవరి 12

ఉపవాసాలకు ముందు మాంసం కాల్చుకునే గురువారం. అన్న కిరియాకూలిస్ నారింజ తొక్క వేసి చేసిన సాసేజీలు పట్టుకుని బురుజుకే వచ్చాడు.

“ఏంటే, ఇవాళ ఎవణ్ణి చంపుతున్నావు?”

“నీ ముత్తాతల్ని.”

“చంపు, చంపు. టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తారు.”

వాడికి తొమ్మిది గదుల బస ఉంది. బురుజు తెరిస్తే అవి నిండుతాయి. వచ్చే ఎన్నికల్లో ఊరి పెద్దగా కూడా నిలబడతాడట. వదిన వదిలేసి పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. వాడికి నేనూ నాకు వాడూ తప్ప మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

“పాత పగలు ఎన్నైనా పెట్టుకో. తురుష్కుల కాలం నాటివి పెట్టుకో. నలభై ఎనిమిది జోలికి మాత్రం పోకు,” అన్నాడు.

“ఏం?”

“అప్పుడు చచ్చినవాళ్ళ చెల్లెళ్ళు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి.” సాసేజీ నములుతూ అన్నాడు. “నీ కోపం నాకు తెలీదా? విడిపోయిన నీ మొగుడి నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి.”

“చెక్కలు బిగించే కర్ర చెయ్యి జారింది.”

“జారి గది అవతలి గోడ దాకా వెళ్ళిందా?”

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నిజంగానే జారింది.

ఫిబ్రవరి 24

పొటీచా మామ్మ ఇంటికి వెళ్ళాను. తొంభై ఒకటి దాటాయి. కళ్ళు దాదాపు పోయాయి, గొంతు మాత్రం ఉంది. ఈ చుట్టుపక్కల శోకం పాడటం వచ్చినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. ఉపవాసాలు మొదలయ్యాయి కదా, ఎండు చిక్కుళ్ళు ఒలుస్తోంది.

“శవమేదీ?” అంది.

“శవమెందుకు మామ్మా? రికార్డింగుకే కదా.”

“శవం లేకుండా శోకం పాడితే ఆ ఇంట్లోంచి శవం లేస్తుంది. మీ అమ్మ చెప్పలేదా నీకు? పోనీ, బట్టలైనా పరచు. సముద్రంలో పోయినవాళ్ళకి బట్టల మీద పాడేవాళ్ళం.”

“బొమ్మ చేస్తాను. బట్టలు తొడుగుతాను.”

“పక్కన ఆడవాళ్ళుండాలి. ప్రతి చరణానికీ చివరి మాట తిరిగి అనాలి. లేకపోతే అది ఒంటరి ఏడుపే.”

“నేనంటాను.”

వెంటనే ఒప్పుకోలేదు. చిక్కుళ్ళు ఒలుస్తూనే తన అన్న ఇలియాస్ సంగతి చెప్పింది. ఊరందరికీ తెలిసిందే. నలభై ఎనిమిది చలికాలంలో, అంతర్యుద్ధంలో ఊళ్ళు రెండుగా చీలి నరుక్కుంటున్న రోజుల్లో, నూనె గానుగ దగ్గర దుడ్డుకర్రతో అతని తల బద్దలు కొట్టారు. మూడో రోజు దొరికాడు, ఒంటి మీద చొక్కా ఒక్కటే. పోలీసులు ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాసుకుని, ఆడవాళ్ళను దగ్గరికి రానివ్వకుండా పూడ్చిపెట్టేశారు. అప్పుడు ఆవిడకు పద్నాలుగు.

“మరి ఆయన మీద తరవాతైనా పాడలేదా?”

“ఎలా పాడతానే? శోకంలో చంపినవాడి పేరు చెప్పాలి. పేరు తెలిస్తే కదా! పేరు లేని శోకం కుక్క ఏడుపుతో సమానం. కుక్కలా ఏడవడం ఇష్టం లేక నోరు మూసుకున్నాను, ఇన్నేళ్ళూ.”

చివరికి, తన బాబాయి మీది శోకం పాడతానంది. అది ముప్పైల నాటిది. అందరూ పోయారు, ఎవరికీ నొప్పి లేదు.

మార్చి 6

బొమ్మ పూర్తయింది. వెల్లకిలా పడుకుని ఉంది. పాత బట్టలు ఎక్కడా దొరకలేదు. అద్దెకిచ్చేవన్నీ నాటకాల బట్టలు, మడత నలగనివి. చివరికి మా ఇంటి పెట్టెలోంచి తాత ఉన్ని కోటు తీశాను. మేకల వాసన ఇంకా పోలేదు. లిగోరోస్ తాత ఆ కోటు తొడుక్కునే నన్ను భుజాల మీద ఎక్కించుకుని అత్తిపళ్ళు కోయించేవాడు. నాకు చేతులతో పని చేయడం నేర్పింది ఆయనే. ఉలి పట్టుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

బొమ్మకు సరిగ్గా సరిపోయింది.

మార్చి 9, సోమవారం

అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొటీచా మామ్మ బొమ్మ పక్కన నేల మీద కూర్చుంది. రికార్డరు నొక్కాను. బాబాయి శోకం మొదలుపెట్టింది. మూడు చరణాలు. నేను చివరి మాట తిరిగి అంటున్నాను. పాడుతూ, ఆచారం ప్రకారం, బట్టలు నిమురుతోంది. ఛాతీ మీద నిమిరింది, కోటు లోపలికి చెయ్యి పోయింది. ఆగిపోయింది.

వేళ్ళు లోపలి జేబు కుట్టు మీద అటూ ఇటూ తిరిగాయి. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

“ఈ కోటు ఎవరిది?”

“మా తాతది మామ్మా. లిగోరోస్ తాతది.”

“ఎప్పటి నుంచి ఉంది మీ ఇంట్లో?”

“మొదట్నుంచీ.”

“ఇది ఎడమచేతి కుట్టు,” అంది. “నేను ఎడమచేత్తో కుట్టేదాన్ని. అందుకు మా అమ్మ నా వేళ్ళ మీద కొట్టేది.”

తల మీది నల్లగుడ్డ లాగి పారేసింది. రెండు చేతుల గోళ్ళతో చెంపలు చీరుకుంది. నేను ఆపబోయాను, మోచేత్తో నా పొట్టలో పొడిచింది. తొంభై ఒక్కేళ్ళ మనిషి పొడిస్తే ఊపిరాడలేదు నాకు. పాడింది:

“ఇలియాసూ, నా అన్నయ్యా,
ఈ జేబు నేనే కుట్టాను,
రొట్టె దాచుకో అన్నాను,
చలికి తొడుక్కో అన్నాను.
తల పగలగొట్టి ఒలిచారు,
ఒలిచినవాడే తొడిగాడు.
మా గడప ముందు తిరిగాడు,
ప్రతి పొద్దునా పలకరించాడు,
‘బాగున్నావా?’ అన్నాడు,
బాగున్నానని చెప్పాను
నిన్ను చంపిన లిగోరోస్‌కే!”

ఆగింది. నేను తిరిగి అనాలి. ఆవిడ మొహం నా వైపు తిప్పి కాచుకుంది. చెంపల మీది రక్తం గడ్డం దాకా వచ్చింది. రికార్డరు తిరుగుతూనే ఉంది. నేను అనలేదు.

చాలాసేపటికి తనే లేచింది.

“కోటు నాకొద్దు. ఇక్కడే గాజు పెట్టెలో పెట్టు. ఎవరిదో, ఎవడు ఒలిచాడో రాసి పెట్టు. ఈ పాట మొత్తం వినిపించు. మావాళ్ళైతే ప్రాణానికి ప్రాణం అడిగేవాళ్ళు. నేనడగను. పేరు వినపడితే చాలు.”

“సరే మామ్మా,” అన్నాను.

సరే అన్నాను.

మార్చి 10

పని చేయలేదు. ఏమీ తినలేదు.

మార్చి 13

పదకొండుసార్లు విన్నాను. తొమ్మిది నిమిషాల నలభై సెకన్ల దగ్గర కత్తిరించాను, ‘బాగున్నానని చెప్పాను’ దగ్గర. నిడివి కోసమే. చీకట్లో పది నిమిషాలకు మించి ఎవరూ నిలబడరు, ఇది నా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. పైగా అక్కడ ముగిస్తే బాగుంది కూడా.

మార్చి 16

అన్నతో చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

వాడు ఆశ్చర్యపోలేదు. అదే నన్ను చంపేసింది. కాఫీ కలుపుతూ ఉండిపోయాడు.

“నీకు తెలుసా?”

“నానమ్మ చెప్పింది. చచ్చిపోయే ముందు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎందుకంటే నువ్వు ఇలాంటి గదులు కడతావు కాబట్టి!” కప్పు బల్ల మీద విసిరికొట్టాడు. “పెట్టెలో పడి ఉన్న కోటు తీసి ఆ ముసల్దాని చేతిలో పెట్టావు కదే! ఊళ్ళో ఇంకే బట్టా దొరకలేదా నీకు?”

“తాత ఎందుకు చేశాడన్నా?”

“ఏమో. వాళ్ళు అటువైపు, మనం ఇటువైపు. చలికాలం, కోటు బాగుంది. నాకేం తెలుసు? ఆ రికార్డింగు ఇటివ్వు.”

“కత్తిరించాను కదా.”

“కత్తిరించింది కాదు. మొత్తం ఇవ్వు.”

ఇవ్వనన్నాను. మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాడు. చిన్నప్పుడు అత్తిపళ్ళ కోసం విరిచేవాడు, అప్పుడు వదిలేసేవాడు. ఈసారి వదల్లేదు. వాడి ముంజేతిని కొరికాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా కొరికాను. జుట్టు పట్టుకుని నా తలను బల్లకేసి కొట్టాడు. రెండుసార్లు. తరువాత ఇద్దరం నేల మీద కూర్చుని రొప్పాం. వాడే తడిగుడ్డ తెచ్చి నా నుదుటికి పెట్టాడు.

“మనకి ఇంకెవరున్నారే?” అన్నాడు. ఏడ్చాడు.

మార్చి 18

బురుజులో బొమ్మ ఒంటి మీది కోటు తీసుకెళ్ళి అన్న ఆలివ్ కొమ్మల మంటలో వేసేశాడు. నేను వెళ్ళేసరికి గుండీలు మాత్రమే మిగిలాయి.

వాడి బస అద్దాల మీద రాళ్ళు విసిరాను. నాలుగు పగిలాయి. ఐదోది తగల్లేదు. లోపల జర్మన్ దంపతులు మంచం కింద దూరారట. హాయిగా అనిపించింది. అద్దాలు పగులుతున్న చప్పుడు ఎంత హాయిగా ఉందో మాత్రం ఎవరికీ చెప్పకూడదు.

ఏప్రిల్ 2

పొటీచా మామ్మ ఫోన్.

“గది అయిందా పిల్లా?”

“అయిపోవచ్చింది. మామ్మా, కోటు కాలిపోయింది.”

ఎవరు కాల్చారని అడగలేదు.

“పోతే పోనీ. పేరు కాలదు కదా. ఉందా?”

“ఉంది.”

ప్రారంభం రోజు మెల్పో, పెద్దవాళ్ళు వస్తారు. ఆ రోజుకి చిన్నది పెట్టి, వాళ్ళు వెళ్ళాక మొత్తం పెడతాను. అందుకే ఉందన్నాను. అది అబద్ధం కాదు.

ఏప్రిల్ 12, ఈస్టరు

సాయంత్రం చర్చి ముందు, క్రీస్తును పట్టిచ్చిన జుడాస్ బొమ్మను తగలబెట్టారు. ఈ ఏడాది బొమ్మ బ్రహ్మాండంగా ఉందని అందరూ అన్నారు. ఉండదా మరి! అది నా బొమ్మ. బురుజులోంచి ఎత్తుకొచ్చారు, నా పని ఏప్రను కట్టారు, పొట్టలో టపాకాయలు కూరారు. నా కళ్ళజోడు లాంటిది కూడా తీగతో చేసి పెట్టారు.

“అద్దాలకి చెల్లు!” అని అరిచాడు అన్న. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తల పేలినప్పుడు ప్లాస్టరు పెచ్చు ఒకటి నా చెంపకు తగిలి కోసుకుంది. నవ్వుతూనే ఉన్నాను. అన్న దగ్గరికొచ్చి, పండగ ఆటగా, తన ఎర్రగుడ్డు నా గుడ్డుకేసి కొట్టాడు. నాది పగిలింది.

“క్రీస్తు లేచాడు,” అన్నాడు.

“నిజంగా లేచాడు,” అన్నాను. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి మొత్తం రికార్డింగు బయటికి తీశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. కోపంలో పెడితే అది పగ అవుతుంది, చరిత్ర కాదు. నాకు అంత నిగ్రహం ఉన్నందుకు నాకే ముచ్చటేసింది.

మే 2

రేపే. స్పీకర్లు బాగున్నాయి. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు.

మే 4, పోలీస్ స్టేషన్

కాగితాలు అడిగితే ఇచ్చారు. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు. నిన్నటిది రాస్తాను.

మెల్పో రిబ్బను కత్తిరించింది. కిందా మధ్యలోనూ అందరూ మెచ్చుకున్నారు. గాజు మీద నిలబడి ఆడవాళ్ళు కేకలు పెట్టారు, మగవాళ్ళు ఫోటోలు దిగారు. అన్న కొత్త కోటు వేసుకుని అందరి చేతులూ పట్టుకుని ఊపుతున్నాడు. పొటీచా మామ్మ ఎవరి సాయమూ లేకుండా పైకెక్కి చీకటి గదిలో ఒక్కతే కూర్చుంది. మొత్తం విన్నది. మళ్ళీ మొదలయ్యేదాకా కూర్చుని మళ్ళీ విన్నది.

బయటి మెట్ల పైన నేను బోర్డు మేకు ఒకటి సరిచేస్తున్నాను. చేతిలో కొయ్యసుత్తి. కింద ముంగిట్లో ఊరంతా ఉంది. మామ్మ బయటికి వచ్చింది.

“పేరేదమ్మా?”

“నిడివి ఎక్కువైంది మామ్మా. రేపట్నుంచి...”

“ఊఁ,” అంది. అంతే. ముందుకెళ్ళి మెట్ల అంచున నిలబడి, నల్లగుడ్డ లాగేసి, గుండెలు బాదుకుంటూ ఎత్తుకుంది:

“ఒకసారి చంపాడు లిగోరోస్,
దుడ్డుకర్రతో చంపాడు.
రెండోసారి ఈ గదిలో
వాడి మనవరాలు చంపింది,
నీ గొంతు కోసిన ఫాలియా!”

కింద ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు, అలవాటు కొద్దీ, చివరి మాట తిరిగి అన్నారు. నా పేరు.

అన్న మూడేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. అరచెయ్యి ఆవిడ నోటి మీద వేసి నొక్కాడు. ఆవిడ మొహం పక్కకి తిరిగిపోయింది, కాళ్ళు నేలకు ఆనడం లేదు. “నోర్మూసుకో, ముసలి కుక్కా!” అంటున్నాడు. నేను కొట్టాను. కణత మీద. ఒక్కటే దెబ్బ. చప్పుడు పెద్దగా కాదు. వాడు నా వైపు చూశాడు, ఏదో అడగబోయినట్టు. పదిహేడు మెట్లు దొర్లాడు.

ముసలావిణ్ణి కాపాడటానికి కొట్టానని మెల్పో పోలీసులతో చెప్పింది. ఆవిడకు నేను రుణపడి ఉండాలి. కానీ ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తాను. అన్న పైకి రాకముందే నేను సుత్తి ఎత్తాను. కింద నా పేరు తిరిగి అంటున్నప్పుడే ఎత్తాను. అప్పటికి నా ఎదురుగా ఉన్నది పొటీచా మామ్మ ఒక్కతే. అన్న మధ్యలోకి వచ్చాడు.

అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. అవసరం లేదని అందరికీ తెలుసు. వాడి చెవిలోంచి రాళ్ళ మీదికి రక్తం కారుతోంది. ఎవరూ దగ్గరికి పోలేదు. మెల్పో చేతిలో ఇంకా కత్తెర ఉంది. పొటీచా మామ్మ ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగింది. వాడి పక్కన కూలబడి, వేళ్ళతో తడుముకుంటూ వాడి కళ్ళు మూసింది. నన్ను పిలిచింది.

“కూర్చో. వీడికి తల్లి లేదు, పెళ్ళాం లేదు. చెల్లివి నువ్వే. పాడు.”

“నాకు రాదు మామ్మా.”

“ఎవరికొచ్చు? మొదలుపెట్టు.”

మొదలుపెట్టాను. గొంతు నాది కాదనిపించింది. ఇంటి తుపాకీవి నువ్వన్నాను. అత్తిపళ్ళ కోసం నా చెయ్యి విరిచేవాడివన్నాను. నన్ను కొట్టి నువ్వే తడిగుడ్డ తెచ్చావన్నాను. మనకి ఇంకెవరున్నారే అన్నావన్నాను. ప్రతి చరణానికీ మామ్మ ఒక్కతే చివరి మాట తిరిగి అంది. తరువాత బేకరీ ఆవిడ వచ్చి కూర్చుంది. తరువాత మిగతా ఆడవాళ్ళు ఒకరొకరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాడి మొహం నిమురుతూ పాడుతూనే ఉన్నాను, ఆ చరణం రాకుండా ఉండాలని ఏవేవో కలిపి పాడాను. వాడి మొదటి సైకిలు, వాడి పెళ్ళి, వాడు కాల్చిన సాసేజీలు. ఇంక పాడటానికి ఏమీ మిగల్లేదు. ఆగాను. వాళ్ళూ ఆగారు. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

“నిన్ను చంపిన ఫాలియా,” అన్నాను.

“ఫాలియా,” అంది పొటీచా మామ్మ. “ఫాలియా,” అంది బేకరీ ఆవిడ. తరువాత ఆడవాళ్ళందరూ కలిసి అన్నారు, ఆచారం ప్రకారం మూడుసార్లు.